రెక్క వంచి చూడండి

మీమ్ సే మఛ్లీ. ఉర్దూ మీడియంలో చదివిన మా తరానికి చేపతో మొదటి ములాఖాత్ ఇదే. ఖాయిదాలో మీమ్ అక్షరం పక్కన ఒక బొమ్మ: రెండు రెక్కలు, ఒక తోక, గుండ్రటి కన్ను. అది ఏ చేప అని మేము అడగలేదు, ఉస్తానీ చెప్పలేదు. మఛ్లీ అంటే మఛ్లీ, అంతే. తరువాత తెలుగులో డిగ్రీ చేశాను. అక్కడ మత్స్యం, మీనం, ఝషం అని ఒక్క చేపకి మూడు పేర్లు నేర్పారు గానీ, మూడు చేపల్ని విడివిడిగా గుర్తుపట్టడం మాత్రం ఎవరూ నేర్పలేదు. రెండు భాషల ఇల్మ్ జేబులో వేసుకుని, పత్రికా ఉద్యోగం కోసం సముద్రం ఒడ్డున ఉన్న విశాఖపట్నం వస్తే, చేపల రేవులో నేను పక్కా అన్‌పఢ్‌ని.

నేను పుట్టి పెరిగింది కర్నూలులో. మాకు తుంగభద్ర చేపలు తెలుసు. కొర్రమీనుని మా ఇంట్లో మరల్ అంటారు. అది ఇంటికొచ్చిందంటే మెహమాన్లు వస్తున్నట్టే లెక్క. సముద్రపు చేప అంటే మాకు ఒక్కటే, వంజరం. అది కూడా దావత్‌లలో, పళ్లెంలో, ఎర్రటి మసాలా పూసుకుని వేయించిన ముక్కగానే తెలుసు. ముక్కకి ముందు అదొక చేప అనీ, దానికి తల, తోక, రెక్కలు, వాటి మీద గీతలు, మచ్చలు ఉంటాయనీ ఎవరు ఆలోచిస్తారు?

ముంబైలో, కరాచీలో దీన్నే సుర్మయీ అంటారు. సుర్మా రంగు అని ఆ మాటకి మతలబ్. వెన్ను మీద నీలం, బూడిద కలిసిన మెరుపు చూస్తే పేరు పెట్టినవాడికి దాద్ ఇవ్వాలనిపిస్తుంది. విజయవాడ వైపు వంజరం. విశాఖ రేవుకి వస్తే అదే చేప కోనం. ఒక చేపకి మూడు పేర్లు ఉంటే పెద్ద ముష్కిల్ ఏమీ లేదు. అసలు పేచీ ఒకే పేరు కింద నాలుగైదు చేపలు దాక్కున్నప్పుడు వస్తుంది. ఆ పేరు కొమ్ముకోనం.

కొమ్ముకోనం అంటే పైదవడ పొడుగ్గా సాగి బల్లెంలా ముందుకొచ్చిన పెద్ద చేప. మనిషి కంటే పొడుగుంటుంది. వేరే దేశాల్లో షౌఖీన్లు లక్షలు ఖర్చు పెట్టి పడవలు కట్టించుకుని, గాలంతో దీని వెంటపడతారు. కొందరు పట్టి, కొలిచి, ఫోటో తీసుకుని మళ్లీ నీళ్లలోకే వదిలేస్తారు. మన తీరంలో అది షికార్ కాదు, రిజ్క్. చిన్న ఫైబర్ పడవలో ఇద్దరు ముగ్గురు మనుషులు చేతి తాడుతో లాగే రోజీ. ఆ కొమ్ము గుచ్చుకుని ప్రాణం పోయిన మత్స్యకారుల ఖబర్లు మన పత్రికల్లో కూడా వచ్చాయి. ఆ చేపకి సరైన పేరు పెట్టడం ఎందుకంత జరూరీ అని మీరు అడగొచ్చు. జవాబు మా ఖాందాన్ నుంచే చెబుతాను.

మా ఆపా కూతురు హైదరాబాద్‌లో ఉంటుంది. అయిదో నెల. డాక్టరమ్మ రాసిచ్చిన పర్హేజ్ చీటీలో ఒక వాక్యం ఉంది: సొర, కొమ్ము చేపలు, ఇంకా పెద్ద వేట చేపలు వద్దు. అదే వారం అత్తగారు మనసారా రెండు కిలోల చేప ముక్కలు తెప్పించింది. "వంజరం, బేటీ. కడుపులో బిడ్డకి తాఖత్" అని. పిల్లకి ఆ ముక్కలు చూడగానే షక్ వచ్చింది. అత్తగారిని అడగలేదు, నాకు వాట్సాప్‌లో నాలుగు ఫోటోలు పంపింది. "మామూ, ఏ వంజరమ్ హైకీ నై, జర దేఖ్ కే బోలో. కానీ ఇక్కడ ఎవరికీ చెప్పకండి."

ఆ చివరి వాక్యంలోనే మొత్తం మసలా ఉంది. కాదంటే సమ్‌ధన్ మొహబ్బత్‌తో తెచ్చిన చీజ్‌ని తప్పుపట్టినట్టు. అవునంటే, ఒకవేళ కాకపోతే, పుట్టబోయే బిడ్డ హఖ్ విషయం. ఇలాంటి చోట అందాజా పనికిరాదు, గవాహీ కావాలి. ఫోన్ పట్టుకుని రేవుకి వెళ్లాను.

తెల్లవారుజామున రేవులో వేలం నడుస్తుంటే మాట్లాడటానికి ఎవరికీ ఫుర్సత్ ఉండదు. ఎండెక్కాక, గంపలు సగం ఖాళీ అయ్యాక, నాకు పరిచయమున్న ఒక పెద్దావిడ దగ్గర కూర్చున్నాను. నలభై ఏళ్లుగా చేపలు కోస్తున్న చేతులు. ఫోటో చూపించబోతే, ఫోన్ పక్కన పెట్టమంది.

"ముక్క తరవాత సూద్దుగాని బాబూ, ముందు సేప సూడు. సేప తెలీకుండా ముక్క ఎలా తెలుత్తాది?"

ఏ ఉస్తాద్ అయినా ఇంతకంటే మంచి సబఖ్ చెప్పలేడు. ఆ రోజు రేవులో సిమెంటు నేల మీద రెండు కొమ్ముకోనాలు పడుకుని ఉన్నాయి. ఆమె చూపించింది, తరువాత నేను చదువుకున్నది కలిపి రాస్తున్నాను. మొబైల్‌లో దాచుకోండి, ఎప్పుడో ఒకప్పుడు కామ్ వస్తుంది.

మొదట కొమ్ము. దాన్ని చేత్తో పట్టి చూడాలి. కర్రలా గుండ్రంగా, గరుగ్గా ఉంటే మార్లిన్ గానీ తెరచాప చేప గానీ. కత్తి బద్దలా బల్లపరుపుగా, అంచులు పదునుగా ఉంటే అది స్వోర్డ్‌ఫిష్, అసలైన కత్తి చేప. అదొక్కటీ వేరే ఖాందాన్. ఇంకా షక్ ఉంటే పొట్ట వైపు చూడండి. మార్లిన్లకి, తెరచాప చేపకి గొంతు కింద తాళ్లలాంటి రెండు సన్నటి రెక్కలు వేలాడుతాయి, కత్తి చేపకి అవి అస్సలు ఉండవు. తోక మొదట్లో ప్రతి పక్కన ఉబ్బెత్తు గట్లుంటాయి. మార్లిన్లకి పక్కకి రెండేసి, కత్తి చేపకి ఒక్కొక్కటే, కానీ పెద్దది. తల పోయినా తోక మిగిలితే ఈ నిషానీ చాలు.

తరువాత వీపు రెక్క. దీనికి ఒక ఆసాన్ హిసాబ్ ఉంది. చేప ఒంటి మందం ఎంతో చూడండి, వీపు నుంచి పొట్ట దాకా. రెక్క ముందుభాగం ఎత్తు ఆ మందంలో సగం కూడా లేకపోతే నల్ల మార్లిన్. సగం దాటి, మొత్తానికి తక్కువైతే నీలి మార్లిన్. ఒంటి మందానికి సమానంగా గానీ కాస్త ఎక్కువగా గానీ ఉంటే చారల మార్లిన్. ఒంటి మందాన్ని బాగా మించిపోయి, మధ్యలో ఇంకా ఎత్తుగా, నీలం గుడ్డ మీద నల్ల చుక్కలు అద్దినట్టు ఉంటే తెరచాప చేప. ఇంగ్లీషు వాళ్లు దాన్నే సెయిల్‌ఫిష్ అన్నారు. అది మిగతా వాటికంటే సన్నగా, తేలిగ్గా ఉంటుంది. దాని గొంతు కింది రెక్కలు కూడా బాగా పొడుగు. ఇవి కాక కొమ్ము పొట్టిగా ఉండే స్పియర్‌ఫిష్ అనే చుట్టాలు కూడా ఉన్నాయి.

అయితే రెక్క చిరిగిపోవచ్చు, ముడుచుకుని వీపు గాడిలోకి దిగిపోవచ్చు. అప్పుడు పెద్దావిడ చెప్పిన పరీక్షే ఆఖరి మాట. "పక్క రెక్క వంచి సూడు బాబూ" అంది. రెండు చేపల్లో పెద్దదాని దగ్గర కూర్చుని, మొప్ప వెనక ఉండే రెక్కని ఒంటికి ఆనించబోయాను. రాలేదు. విమానం రెక్కలా బిగుసుకుని ఉంది, గట్టిగా తోస్తే విరిగేలా ఉంది గానీ మడత పడలేదు. పక్కన ఉన్న రెండో చేప రెక్క చక్కగా ఒంటికి అంటుకుపోయింది. మొదటిది నల్ల మార్లిన్, రెండోది తెరచాప చేప. పెద్ద నల్ల మార్లిన్ తన పక్క రెక్కల్ని ఒంటికి ముడవలేదు, మిగతా మార్లిన్లు, తెరచాప చేప ముడుస్తాయి. ప్రపంచంలో ఎక్కడైనా గాలం వేసేవాళ్లు నమ్మే నిషానీ ఇదే. మా పెద్దావిడ ఏ కితాబూ చదవలేదు. ఐస్‌లో రాయిలా గడ్డకట్టిన చేపకి మాత్రం ఈ పరీక్ష చెల్లదు. అప్పుడు ఏ రెక్కా వంగదు.

నీలిదానికీ చారలదానికీ ఫర్ఖ్ తెలియకపోతే ఇంకో దారి ఉంది. చాలా చేపలకి పక్కన తల నుంచి తోక దాకా ఒక సన్నటి గీత ఉంటుంది, నీటి కదలికను పసిగట్టే గీత అది. చారల మార్లిన్‌కి అది ఒంటరి గీత. నీలి మార్లిన్‌కి వలలా అల్లుకున్న గొలుసు. పెద్ద చేపల్లో అది చర్మం కింద దాగిపోతుంది, వెతుక్కోవాలి. రంగుని మాత్రం నమ్మకండి. బతికున్నప్పుడు ఈ చేపల ఒంటి మీద నీలం, ఊదా చారలు మెరుపుల్లా వెలిగి ఆరిపోతాయట. ప్రాణం పోయాక అన్నీ ఒకే నల్లటి బూడిద. చారల మార్లిన్‌కి మాత్రం చచ్చాక కూడా చారలు కొంత మిగులుతాయి.

సైజు గురించి ఒక మాట. వీటిలో భారీగా పెరిగేవి ఆడవే. గాలంతో పట్టిన నల్ల మార్లిన్లలో రికార్డు 1953 ఆగస్టులో పెరూ దేశపు కాబో బ్లాంకో దగ్గర నమోదైంది, 707 కిలోల పైన. ఏడు క్వింటాళ్ల ఒక్క చేప! మన రేవుల్లో ఇందులో చిన్న భాగం బరువున్నది పడినా మరునాడు పేపర్లో 'వలలో బాహుబలి చేప' అని హెడ్డింగ్ వస్తుంది. బాహుబలి అనేది చేప జాతి కాదు, భాయ్. ఆ ఒక్క మాట కింద సొర, టేకు, మార్లిన్ అన్నీ ఒకటైపోతాయి. ఖబర్ రాసేవాడు రెక్క వంచి చూసే ఓపిక పడితే, చదివేవాడికి ఒక పేరు దక్కుతుంది.

పేరు కలిసిపోతే నష్టం ఎంత దూరం పోతుందో దీన్నిబట్టి చూడండి. రంపపు సొర అని ఇంకోటుంది. దాని ముక్కుకి కూడా పొడుగాటి బద్ద ఉంటుంది, రెండు అంచులా పళ్లుంటాయి, రంపంలాగే. పేరులో సొర ఉన్నా, అది టేకుల ఖాందాన్. ఒంట్లో ఎముక ఉండదు, మెత్తటి మృదులాస్థే. అది అంతరించిపోయే దశలో ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే పులి ఉన్న ఫెహ్రిస్త్‌లోనే, దాని పేరు ఉంది. దాన్ని పట్టినా, అమ్మినా జైలే. కత్తి చేపని పట్టి ఇల్లు నడుపుకునే మనిషిని, ఎవరో తప్పు పేరు రాశారని ఠాణా మెట్లెక్కించడం ఎంత జుల్మ్! అలాగే కత్తి చేప అని అబద్ధం చెప్పి రంపపు సొరని అమ్మేవాడు బచాయించుకుపోవడమూ అంతే జుల్మ్. కొమ్ముకి పళ్లున్నాయా లేవా అని ఒక్కసారి చూడటానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

ఇప్పుడు వంజరం. అది కూడా ఒంటరి కాదు. మనం వంజరం అనేది ఎక్కువగా పెద్ద చారల రకం. పక్కల మీద నిలువుగా, అలలు అలలుగా సన్నటి చారలుంటాయి. రెండు మీటర్లు దాటి పెరగగలదు. దీని పక్క గీత రెండో వీపు రెక్క చివర కింద ఒక్కసారిగా మెట్టు దిగినట్టు కిందికి వంగుతుంది. చుక్కల వంజరం చిన్నది, పక్కల మీద గుండ్రటి మచ్చలు వరసలుగా ఉంటాయి, చారలుండవు. మూడోదానికి అడ్డంగా చిన్న చిన్న గీతలు, పెన్సిల్‌తో గీసినట్టు. మూడూ సగే భాయీ, తింటే పెద్ద ఫికర్ లేదు, ధరలోనే తేడా. వీటి మధ్య దూరపు చుట్టం ఒకటి దూరుతుంది, వాహూ. దానికీ నిలువు చారలే, ఒళ్లూ అంతే పొడుగు. కానీ దాని మూతి కొంగ ముక్కులా సాగి తలలో సగం ఉంటుంది, వీపు మొదటి రెక్క పొట్టిగా, చాలా పొడుగ్గా, ఇరవైకి పైగా ముళ్లతో ఉంటుంది. వంజరానికి ఆ ముళ్లు పద్దెనిమిది దాటవు. వాహూ పక్క గీత మొదటి వీపు రెక్క కిందే వంగిపోతుంది. అంటే గీత ముందే దిగిందా, వెనక దిగిందా అని చూస్తే చాలు.

ఇంత చెప్పించుకున్నాక ఫోన్ చూపించాను. పెద్దావిడ రెండు వేళ్లతో ఫోటోని పెద్దది చేసి చూసింది.

"తోలు సూడు బాబూ. కోనం తోలు పలసగా, పట్టుగుడ్డలాగ మెరుత్తాది. ఇది సెప్పు తోలులాగుంది. ఆ సూదులేటి సూడు, తోల్లోకి దిగిపోయి. ఇది కొమ్ముకోనం."

నిజమే. మార్లిన్ జాతి పొలుసులు సన్నగా, సూదుల్లా, చర్మంలోకి పూడుకుపోయి ఉంటాయి. వంజరం పొలుసులు చేతికి తెలియనంత చిన్నవి. ఇంకో నిషానీ కూడా ఆమె చెప్పింది. వంజరాన్ని అడ్డంగా కోస్తే గుండ్రటి ముక్క వస్తుంది, మధ్యలో ఎముక ఉంటుంది, చుట్టూ చర్మం ఉంటుంది. మా పిల్ల ఫోటోలో ముక్కలు నలుచదరంగా ఉన్నాయి, మధ్య ఎముక లేదు, చర్మం ఒక్క పక్కనే ఉంది. అంటే చాలా లావు చేపని నిలువుగా చీల్చి, తరువాత ముక్కలు చేశారు. కండ లేత గులాబీ రంగులో, ఒక చోట ముదురు ఎరుపు పట్టీతో ఉంది. వంజరం కండ తెల్లగా, కాస్త బూడిద ఛాయలో ఉంటుంది. సొర కూడా కాదు. సొర అయితే చర్మం ఉప్పుకాగితంలా గరుగ్గా ఉండి, ముక్కలో ముల్లు బదులు మెత్తటి మృదులాస్థి కనిపించేది. నాలుగు గవాహీలూ ఒకే మాట చెప్పాయి.

అసలు డాక్టరమ్మ ఎందుకు వద్దంది? సముద్రంలోకి చేరిన పాదరసం సూక్ష్మజీవుల వల్ల మిథైల్ మెర్క్యురీగా మారి చిన్న జీవుల్లోకి, వాటిని తిన్న చిన్న చేపల్లోకి, ఆ చేపల్ని తిన్న పెద్ద చేపల్లోకి పోగవుతూ వస్తుంది. ఎంత పెద్ద వేట చేప, ఎంత ఎక్కువ వయసు, అంత జమా. కడిగినా పోదు, వండినా పోదు, ఎందుకంటే అది పైన అంటుకున్న మురికి కాదు, కండలోనే ఉంటుంది. పెద్దవాళ్ల కంటే కడుపులో బిడ్డ మెదడు, నరాలు దానికి తొందరగా లొంగుతాయి. అమెరికా ఎఫ్‌డీఏ గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు తినకూడదన్న చేపల్లో సొర, కత్తి చేప, మార్లిన్, కింగ్ మాకెరెల్ ఉన్నాయి. ఆ కింగ్ మాకెరెల్ మన వంజరానికి అట్లాంటిక్ సముద్రపు బంధువే. కాబట్టి నిజమైన వంజరమైనా మరీ పెద్దదైతే ఆ నెలల్లో తగ్గించుకోవడమే బెహ్‌తర్. అదే సమయంలో ఒక పూట ఒక ముక్క తిన్నామని ఘబ్రాయించాల్సిన పని లేదు. ఇది రోజుల మీద, నెలల మీద పోగయ్యే హిసాబ్. చేపలే మానేయడమూ గలత్. కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు లాంటి చిన్న చేపల్లో ఈ బెడద చాలా తక్కువ, తాఖత్ ఎక్కువ, జేబుకీ తేలిక.

ఇదంతా పిల్లకి ఎలా చెప్పాలి అన్నది ఇంకో ఇమ్తిహాన్. ఫోన్ చేసి, "బేటీ, తప్పు మీ సాస్‌ది కాదు, ఆమె వంజరం ధరే కట్టింది. మోసపోయింది ఆమె. కాబట్టి ఆమె తరఫున మాట్లాడు" అన్నాను. పిల్ల తెలివైంది. అత్తగారికి ముక్క చూపించి, "అమ్మీజాన్, మీ దగ్గర వంజరం పైసలు తీసుకుని వాడు వేరే చేప ఇచ్చాడు" అని మొదలుపెట్టింది. సాయంత్రానికి సమ్‌ధన్ గారు ఆ దుకాణం ముందు నిలబడ్డారు. ఆ దుకాణదారు జవాబు విని నాకు కోపం కంటే ఆలోచనే ఎక్కువ వచ్చింది. "అమ్మా, పెట్టె మీద కోనం అని రాసి వచ్చింది. కోనం అంటే వంజరమే కదా. నేను దోఖా ఎక్కడ చేశాను?" అన్నాడట.

చూశారా పేరు మాయ? రేవులో కోనం అంటే వంజరం, కొమ్ముకోనం అంటే కొమ్మున్నది. మధ్యలో ఎక్కడో ఎవరో 'కొమ్ము' కోసేశారు, చేప మీద నుంచీ, మాట మీద నుంచీ. ఆ పని చేసింది ఎవరో ఖుదా జానే. కానీ మాట సగం చేస్తే మాల్ రెట్టింపు ధర పలుకుతుందని తెలిసినవాడే చేసి ఉంటాడు. నేను ఈ మాట చెబితే పెద్దావిడ నవ్వేసింది. "కోనమంటే కోనమే బాబూ. కొమ్ముంటే కొమ్ముకోనం. రెండిటికీ సుట్టరికం లేదు. పేరు ఒకలాగుందని సుట్టాలైపోతారేటి?"

చేపల జ్ఞానం మన దీనీ మసాయిల్‌లోకి కూడా వస్తుంది. మనలో హనఫీ ఘరానాలకి చేప అయితే చాలు, హలాలే. బహస్ అంతా రొయ్య చేపా కాదా అన్న దగ్గరే. షాఫయీ వాళ్లకి ఆ బహస్ కూడా లేదు. ఫిఖ్హె జాఫరీ పాటించే మన పాతబస్తీ షియా భాయీలకి మాత్రం చేపకి పొలుసు ఉండటం షర్త్. అక్కడ కత్తి చేప కథ నాజూక్ అవుతుంది. పిల్లగా ఉన్నప్పుడు దానికి పొలుసులుంటాయి, పెద్దయ్యాక పోతాయి. మార్లిన్‌కి ఉంటాయి గానీ చర్మంలో పూడుకుపోయి ఉంటాయి. హుకుమ్ ఆలిమ్‌లు చెప్పాలి, అది నా పని కాదు. కానీ ఆలిమ్ ముందు పెట్టే సవాల్‌లో చేప పేరు సరిగ్గా ఉండాలి కదా. తప్పు పేరు పెట్టి అడిగితే వచ్చే జవాబు ఇంకేదో చేపకి వర్తిస్తుంది.

ఇది సైంటిస్టులకి కూడా ఆసాన్ కాదని తెలిసి నాకు కాస్త తసల్లీ కలిగింది. అట్లాంటిక్‌లో తెల్ల మార్లిన్ అనే చేప ఉంది. దానికి హూబహూ జంటలాంటి ఇంకో చేప, గుండ్రటి పొలుసుల స్పియర్‌ఫిష్, దానితో కలిసి తిరుగుతూ ఎన్నో దశాబ్దాలు అదే పేరుతో లెక్కల్లోకి ఎక్కింది. అది వేరే జాతి అని జన్యు పరీక్షతో 2006లో ఖాయం చేశారు. కళ్లతో చూసే నిషానీ కూడా ఉంది. పొట్ట కింద మలద్వారానికీ, దాని వెనక రెక్కకీ మధ్య దూరం స్పియర్‌ఫిష్‌లో ఎక్కువ. అంత చిన్న ఫర్ఖ్. కానీ దాని వల్ల తెల్ల మార్లిన్లు సముద్రంలో ఎన్ని మిగిలాయన్న హిసాబ్ మొత్తం షక్‌లో పడింది. తగ్గిపోతున్న ప్రాణిని లెక్కపెట్టేటప్పుడు పక్కవాణ్ణి కలిపి లెక్కపెడితే, ఉందనుకున్నది లేకుండా పోతుంది.

హెమింగ్వే 1952లో రాసిన 'ద ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ' మీలో చాలామంది చదివే ఉంటారు. ముసలాయన ప్రాణాలకి తెగించి పట్టింది మార్లిన్. దారిలో సొరలు దాన్ని తినేస్తాయి. చివరికి ఒడ్డున మిగిలిన అస్థిపంజరాన్ని చూసిన టూరిస్టులు అది సొరదే అనుకుంటారు. కాలేజీలో చదివినప్పుడు ఆ చివరి ముచ్చట నాకు మామూలుగా అనిపించింది. రేవులో రెక్క వంచి చూశాక మళ్లీ చదివితే గుండె కలుక్కుమంది. అంత మెహ్నత్ చేసి తెచ్చినవాడికి, చేసిన పని పేరు కూడా దక్కలేదు.

దోఖా అంటే కొనేవాడికి జరిగేదే అనుకుంటాం. ఆలోచించండి, కొమ్ముకోనం రేవులో కొమ్ముకోనం ధరకే వేలంలో పోతుంది. ఊళ్లో వంజరం ధరకి అమ్ముడుపోతుంది. మధ్యలో మిగిలిన రఖమ్ బల్లెం లాంటి కొమ్ముకి ఎదురు నిలిచి తాడు లాగినవాడికి చేరదు. ఆ రఖమ్‌లో మన జేబు హఖ్ ఒకటుంది, అతని చేతుల హఖ్ ఒకటుంది. తరాజు సరిగ్గా తూచమని మనకి చిన్నప్పటి నుంచీ చెబుతారు. పేరు కూడా తరాజులో ఒక పళ్లెమే. బరువు సరిగ్గా తూచి పేరు తప్పుగా చెబితే, తూచిన బర్కత్ ఎక్కడిది?

అందుకే నా గుజారిష్ ఇంతే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం ఉంటుంది, తాజా వంజరం దొరకడం కష్టం. ఆ రోజుల్లో చవగ్గా వంజరం ముక్కలు అంటే రెండు సార్లు ఆలోచించండి. ఎప్పుడు కొన్నా తలా తోకా ఉన్న చేపని చూసి, మీ కళ్ల ముందే కోయించుకోండి. పక్కల మీద చారలో మచ్చలో చూడండి. ముక్కలే దొరికితే చర్మం ఉన్నదే అడగండి, తోలు తీసేసిన ముక్క నిషానీలు తీసేసిన ముక్క. ఇంట్లో ఎవరైనా ఉమ్మీద్‌తో ఉంటే చిన్న చేపలు తెచ్చుకోండి. కొమ్ముకోనం కొనాలనిపిస్తే హాయిగా కొనండి, అది తినదగ్గ చేపే, కూరకి గట్టిగా నిలుస్తుంది. కానీ ఆ పేరుతోనే అడగండి, ఆ పేరుతోనే బిల్లు రాయించుకోండి.

మా సమ్‌ధన్ గారు ఇప్పుడు చేపల దుకాణానికి వెళితే బేరం కంటే ముందు ఒక మాట అంటున్నారట: "పెహ్‌లే దుమ్ దిఖావ్." తోక చూపించు ముందు. చుట్టుపక్కల ఆడవాళ్లు కూడా అదే నేర్చుకున్నారని పిల్ల చెప్పింది. ఆ దుకాణదారు ఇప్పుడు వంజరాన్ని తోకతో సహా బల్ల మీద పెడుతున్నాడు. పక్కన, కాస్త చవగ్గా, కొమ్ముకోనం అని వేరే గంప కూడా పెట్టాడట. రెండూ అమ్ముడుపోతున్నాయి.